టాపెట్ కవర్ ఇంట్లో, హెడ్ ఆటోనగర్‌లో: పాత మారుతి 800కి ప్యాకింగ్‌లు మార్పించిన అనుభవం

ఇంజిన్ ప్యాకింగ్ (రెండు భాగాల మధ్య లీకు రాకుండా పెట్టే గ్యాస్కెట్) మనమే మార్చుకోవచ్చా, షెడ్డుకి ఇవ్వాలా అని ఎవరైనా అడిగితే, ఏ ప్యాకింగ్ అని ముందు అడుగుతాను. మా మారుతి 800కి టాపెట్ కవర్ (ఇంజిన్ పైభాగాన్ని కప్పే మూత) ప్యాకింగ్ ఇంటి ముందు నేనే మార్చాను. హెడ్ గ్యాస్కెట్ మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో వేయించాను. రెండూ అయ్యి ఏళ్లు గడిచాయి. బెజవాడ మే నెల ఎండల్లో కూడా బండి నమ్మకంగా తిరుగుతోంది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ముందు టాపెట్ కవర్ సంగతి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాలిన ఆయిల్ వాసన వచ్చేది. బానెట్ ఎత్తి చూస్తే కవర్ అంచు వెంట జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము. ఏ ఇంజిన్‌లోనైనా ఏళ్ల తరబడి వేడి తగిలితే రబ్బరు గట్టిపడిపోతుంది, నొక్కినా సాగదు. మార్చాల్సిందే. ఈ కారు తయారీ 2014లో ఆగిపోయినా స్పేర్ పార్ట్స్ ఇంకా దొరుకుతున్నాయి. ప్యాకింగ్ ఖరీదు కూడా భయపెట్టేది కాదు. ఒరిజినల్‌కీ లోకల్‌కీ తేడా కొద్ది రూపాయలే, అక్కడ మాత్రం పొదుపు చేయొద్దు.

ఈ పనికి కావాల్సింది బాక్స్ స్పానర్ సెట్టు, శుభ్రమైన గుడ్డలు, ఓపిక. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాలి. అడ్డం వచ్చే ఎయిర్ ఫిల్టర్ డబ్బా, పైపులు తీసే ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటే మళ్లీ బిగించేటప్పుడు టెన్షన్ ఉండదు. కవర్ ఊడదీశాక అంచుకి అంటుకున్న పాత రబ్బరుని ప్లాస్టిక్ ముక్కతోనే గీకాలి. స్క్రూడ్రైవర్‌తో గీకితే అల్యూమినియం మీద గాట్లు పడతాయి, ఆ గాట్లలోంచే మళ్లీ ఆయిల్ కారుతుంది. గీకిన చెత్త లోపల పడకుండా చుట్టూ గుడ్డలు కప్పాలి. బోల్టులు ఒకేసారి గట్టిగా కాకుండా అటొకటి ఇటొకటి కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. అతిగా బిగిస్తే రబ్బరు నలిగి పక్కకి వచ్చేస్తుంది, లీకు ముందుకన్నా ఎక్కువవుతుంది.

కవర్ తెరిచినప్పుడు లోపలి భాగం చూడటం ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది. వాల్వులని తెరిచే క్యామ్ షాఫ్ట్ మెరుస్తూ, ఆయిల్ పలచటి పొరలా ఉంటే ఇంజిన్‌ని బాగా చూసుకున్నట్టు. నల్లటి మడ్డి పేరుకుని ఉంటే ఆయిల్ మార్పు ఆలస్యమవుతోందని అర్థం. షెడ్డుకి ఇస్తే మనం చూడకుండానే మూసేస్తారు.

ఇదే లీకుకి అంతకుముందు ఒక షెడ్డులో పాత ప్యాకింగ్ తీయకుండా పైనుంచి సిలికాన్ పూసి పంపారు. కొన్ని వారాలు ఆగి మళ్లీ కారింది. దానికన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. ఎక్కువ పూసిన సిలికాన్ లోపలి వైపుకి కూడా వస్తుంది, ముక్కలుగా ఊడి ఆయిల్‌లో కలుస్తుంది, సంప్‌లోని (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) జాలీకి అడ్డం పడగలదు. ఆయిల్ అందని ఇంజిన్ ఎంతోసేపు నిలవదు. అందుకే ఈ చిన్న పనిని ఇంకొకరి తొందరకి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

హెడ్ గ్యాస్కెట్ దగ్గరికి వస్తే నా మాట పూర్తిగా మారిపోతుంది. అది సిలిండర్ బ్లాకుకీ (ఇంజిన్ కింది దిమ్మ) దాని మీద కూర్చునే హెడ్డుకీ మధ్య ఉండి మండే గ్యాస్‌నీ నీళ్లనీ ఆయిల్‌నీ దేనికది విడిగా ఉంచే పొర. మాకు కనిపించిన లక్షణాలు ఇవి: ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గడం, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ మూత తీసి చూస్తే ఆగకుండా బుడగలు రావడం, ఘాట్ ఎక్కితే టెంపరేచర్ ముల్లు పైకి పోవడం. కొందరికి ఆయిల్ పాలు పోసిన టీ రంగులోకి మారుతుంది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది.

యూట్యూబ్ చూసి హెడ్ దించడం ఓపికున్నవాళ్లకి అసాధ్యమేమీ కాదు. బోల్టులు విప్పడం, క్యామ్ షాఫ్ట్‌ని తిప్పే టైమింగ్ బెల్టు తీయడం, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్) మధ్య నుంచి బయటికి దశలవారీగా బిగించడం నేర్చుకోవచ్చు. అయితే గ్యాస్కెట్ చాలాసార్లు ఇంజిన్ వేడెక్కిపోవడం వల్లే పోతుంది. హెడ్డుకి వాడే అల్యూమినియం, పోత ఇనుముతో పోలిస్తే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అతిగా వేడెక్కితే హెడ్ వంగుతుంది. ఆ వంపు కంటికి కనపడదు. ఉక్కు స్కేలు ఆనించి ఫీలర్ గేజ్‌తో (సన్నటి సందుని కొలిచే రేకులు) చూస్తే, చాలా ఇంజిన్లకి అనుమతించేది 0.05 మిల్లీమీటర్ల దగ్గరే. అది దాటితే లేత్ షాపులో ఫేసింగ్ (ఆనే ముఖాన్ని చదునుగా చెక్కడం) చేయించాలి, పగులు ఉందేమో ప్రెషర్ పెట్టి చూడాలి. వంగిన హెడ్ మీద ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా మళ్లీ పోతుంది.

ఆటోనగర్ నాకు పనికొచ్చింది అందుకే. స్పేర్ పార్ట్స్ షాపు, మెకానిక్, లేత్ ఒకే చోట. హెడ్ దించిన రోజే లేత్‌కి వెళ్లింది. మేస్త్రి స్కేలు పెట్టి, "ఇదిగోండి అన్నా, మధ్యలో వెలుతురు కనపడుతోంది చూడండి" అని చూపించాడు. ఫేసింగ్ అయ్యాక మళ్లీ ఆనిస్తే వెలుతురు లేదు. ఆ రెండు చూపులకే నేను ఇచ్చిన కూలీ సరిపోయిందనిపించింది. టాపెట్ కవర్ ఖర్చు వందల్లో తేలితే ఇది వేలల్లో పడింది, నాకు బాధ లేదు.

అయితే షెడ్డుకిచ్చి ఇంటికి వచ్చేయొద్దు. హెడ్ సెట్టు (హెడ్ పనికి కావాల్సిన గ్యాస్కెట్ల ప్యాక్) మీరే కొని ఇవ్వండి. పాత గ్యాస్కెట్ అడిగి తీసుకోండి, ఎక్కడ కాలిందో దాని మీదే కనిపిస్తుంది. హెడ్ దించిన చేత్తోనే టైమింగ్ బెల్టు కూడా కొత్తది వేయించండి, విడిగా చేయిస్తే కూలీ రెండుసార్లు పడుతుంది. అన్నిటికన్నా ముందు ఇంజిన్ ఎందుకు వేడెక్కిందో తేల్చమనండి. థర్మోస్టాట్, వాటర్ పంప్, ఫ్యాన్, పూడుకుపోయిన రేడియేటర్, వీటిలో ఏదో ఒకటి బాగాలేకుండా గ్యాస్కెట్ ఊరికే పోవడం అరుదు. మాకు రేడియేటర్ పూడిపోయి ఉంది. ఏళ్లుగా కుళాయి నీళ్లు పోయడం వల్ల లోపల గట్టిపడిన తెల్లటి పొర. ఇప్పుడు కూలెంట్ తప్ప ఇంకేమీ పోయడం లేదు.

కొత్త కార్లున్నవాళ్లకి ఒక మాట. చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగే రకం, ఒకసారి విప్పితే కొత్తవి వేయాల్సిందే. బిల్లులో అవి లేకపోతే అడగండి.

సంప్ ప్యాకింగ్ కూడా నేను ఇంట్లో పెట్టుకోను. బండి కింద పడుకుని చేయాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. ర్యాంప్ ఉన్న షెడ్డులో తొందరగా అయిపోతుంది, కూలీ కూడా ఎక్కువ తీసుకోరు.