లాయర్‌పేట మేడమీది కీబోర్డు క్లాసు: నాలుగు నెలలు వెళ్ళాక

ముందే చెబుతున్నా, పిల్లని చేర్పించి బయట కూర్చునే తల్లిని కాదు నేను. నేనే చేరాను. వయసు నలభై ఆరు, టంగుటూరు వైపు హైస్కూల్లో లెక్కల టీచర్ని. చిన్నప్పుడు గీతాలు, రెండు వర్ణాల దాకా పాట నేర్చుకుని మానేశాను. మా బ్యాచ్‌లో నా తర్వాత పెద్దవాడు తొమ్మిదో తరగతి.

అంతకుముందు ఒంగోల్లోనే వేరేచోట రెండు నెలలు వెళ్ళాను. అక్కడ కీల మీద స్టిక్కర్లు అంటించి, పాటకి కీల పేర్లు, అంటే ఇంగ్లీషు అక్షరాలు, రాసిచ్చేవారు. జనగణమన అంటే సి డి ఇ ఇ ఇ ఇ. వాయిస్తే ఇంట్లోవాళ్ళు మురిసిపోయారు. తీరా స్కూల్లో పిల్లలు ఇంకో శ్రుతిలో ఎత్తుకునేసరికి నా వేళ్ళు కదల్లేదు.

ఈ సార్ మొదటిరోజే స్టిక్కర్లు పీకించారు. ఆయన ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తారు. పాడేవాళ్ళు ఎక్కడ ఎత్తుకుంటే అక్కడ అందుకోవాలి కాబట్టి ఆయన మనసులో అక్షరాలుండవు, స్వరం వరుసలో ఎన్నోదో చెప్పే అంకెలుంటాయి. "జనగణమన ఒకటి రెండు మూడు మూడు. ఆ ఒకటి ఎక్కడ పెడతారో మీ ఇష్టం" అన్నారు. ట్రాన్స్‌పోజ్ బటన్ (శ్రుతిని దానంతటదే మార్చేది) ముట్టుకుంటే మాత్రం ఊరుకోరు.

మేజర్ స్కేల్ అనే ఏడు స్వరాల వరుసకి ఆయన చెప్పే లెక్క ఒకటే: రెండు రెండు ఒకటి, రెండు రెండు రెండు ఒకటి. మొదలుపెట్టిన కీ నుంచి, తెల్లవీ నల్లవీ కలుపుకుని, అన్ని మెట్లు జరగాలి. కూడితే పన్నెండు, అంటే మళ్ళీ పై ఒకటికి చేరతాం. సి నుంచి వెళితే అన్నీ తెల్లకీలే. డి నుంచి వెళితే ఎఫ్, సి రెండూ షార్ప్ అవుతాయి, అంటే వాటి కుడిపక్క నల్లకీలు నొక్కాలి. పిల్లలందరూ చేసే తప్పేమిటంటే, నిలబడ్డ కీనే 'ఒకటి' అని లెక్కపెట్టేయడం. సంఖ్యారేఖ మీద మా ఆరో తరగతి వాళ్ళు చేసేది అచ్చం ఇదే. నవ్వొచ్చింది. మరుసటి నిమిషంలో నేనూ అదే చేశాను.

నాకు తెరుచుకున్న తలుపు ఇంకోటి. ఈ మేజర్ స్కేల్ మన కర్ణాటక సంగీతంలో 29వ మేళకర్త (మూల రాగం), ధీరశంకరాభరణం. అది తెలిశాక నా తప్పులు చెవికే దొరకడం మొదలైంది. జి నుంచి వాయిస్తూ ఎఫ్ షార్ప్ మర్చిపోయి తెల్ల ఎఫ్ నొక్కానా, కాకలి నిషాదం (పై 'ని') పోయి కైశికి నిషాదం (ఒక మెట్టు కింది 'ని') వస్తుంది, వినబడేది హరికాంభోజి అనే వేరే రాగం. జనగణమన మొదటి వరుసలో ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలే ఉన్నాయి, 'హే' దగ్గర నాలుగు పడుతుంది. ఎఫ్ నుంచి మొదలుపెట్టి ఆ నాలుగుకి తెల్ల బి నొక్కాను. ప్రతిమధ్యమం (ఒక మెట్టు పై 'మ')! జాతీయగీతం కల్యాణి రాగంలోకి జారిపోయింది. అక్కడ బి ఫ్లాట్, అంటే బికి ఎడమపక్క నల్లకీ, కావాలి. "ఎ షార్ప్ అనకూడదా సార్, కీ అదేగా?" అని అడిగాను. "స్కేల్లో ఏడక్షరాలూ ఒక్కోసారి రావాలి టీచరుగారూ. ఎ షార్ప్ అంటే ఎ రెండుసార్లు వచ్చి బి గల్లంతవుతుంది" అన్నారు. లెక్కల మనిషిని, ఆ జవాబు నచ్చింది.

ఏడో అంకె గురించి ఆయన నోటితో చెప్పలేదు. ఒకటి నుంచి ఏడు దాకా తాపీగా వాయించి, ఫోన్ మోగితే వరండాలోకి వెళ్ళిపోయారు. గదిలో అందరం ఏదో ఇరుక్కున్నట్టు కూర్చున్నాం. చివరికి నాలుగో తరగతి పాప లేచి వెళ్ళి ఎనిమిదో కీ టక్కున నొక్కి వచ్చి కూర్చుంది. అలా పై ఒకటికి లాగే ఏడునే లీడింగ్ టోన్ అంటారట. మిగతా అంకెల పేర్లు (టానిక్, డామినెంట్ వగైరా) ఒక జిరాక్స్ కాగితంలో ఇచ్చేసి దాటేశారు, ఆ సూపర్‌టానిక్, సబ్‌మీడియంట్‌లు నాకింకా తికమకే. ఒకటి, నాలుగు, అయిదు కార్డులు (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) మాత్రం ప్రతి స్కేల్లోనూ వేయించారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఏడుగురికి నాలుగు కీబోర్డులు, అన్నీ 61 కీలవే. ఒకదాని అడాప్టర్ వదులు, చెయ్యి తగిలితే ఆగిపోతుంది. స్టాఫ్ నొటేషన్ (గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) నేర్పడం బాగా బలహీనం. గ్రేడ్ పరీక్షలు రాయించాలనుకునేవాళ్ళకి ఇది సరిపోదు. ఎడమచెయ్యి కూడా మూడో నెలకి గానీ మొదలుపెట్టలేదు, అది నాకు ఆలస్యమే అనిపించింది. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చూసుకోండి.

నెలకి ఎనిమిది క్లాసులు, పదిహేను వందలు. కరెంటు పోయిన రోజు క్లాసు మళ్ళీ పెడతారు, ఇప్పటిదాకా రెండుసార్లు పెట్టారు. అయిదుకి నాలుగు ఇస్తాను. సాయంత్రం ఆరింటి బ్యాచ్‌లో సందంతా సైకిళ్ళే, స్కూటీ మెయిన్ రోడ్డు మీదే పెట్టుకుని నడిచి రండి.