వోచర్‌కు హద్దు ఎవరి మీద పెట్టాలి?

2025 మే 3న టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ సెనేట్ బిల్లు 2 మీద సంతకం పెట్టారు. 2026-27 విద్యా సంవత్సరం నుంచి ప్రైవేటు బడిలో చేరే పిల్లకు సుమారు 10,000 డాలర్లు, వైకల్యమున్న పిల్లకైతే 30,000 దాకా ప్రభుత్వమే ఇస్తుంది. దీన్నే వోచర్ అంటున్నారు. డాలస్ చుట్టుపక్కల ఆటిజం ఉన్న పిల్లల్ని పెంచుతున్న మన తెలుగువాళ్లకు ఈ 30,000 అంకె చూడగానే ప్రాణం లేచొస్తుంది. పిల్లకు ఏ సాయం ఇవ్వాలో ప్రభుత్వ బడితో కూర్చుని తేల్చుకునే ఏఆర్‌డీ మీటింగుల చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయినవాళ్లు మరి.

మొదటి విడత నిధి 100 కోట్ల డాలర్లు. అడిగినవాళ్లందరికీ చాలదు కాబట్టి ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. ఎక్కడ గీస్తే మేలన్నదే ప్రశ్న.

అన్నిటికంటే సులువు, నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డది, తలల లెక్క. టెక్సాస్‌కు దీని రుచి ముందే తెలుసు. ప్రత్యేక విద్య పొందే పిల్లలు మొత్తంలో 8.5 శాతం దాటకూడదన్న కొలబద్దను రాష్ట్ర విద్యాశాఖ 2004లో పెట్టింది. దేశ సగటేమో 13 శాతం దగ్గర. తేడాలో పడ్డ పిల్లలకు వైకల్యం పోలేదు, సాయం మాత్రం పోయింది. 2016లో పత్రికలు బయటపెట్టాక 2017లో శాసనసభ ఆ పరిమితిని నిషేధించింది. ఇది చట్టవిరుద్ధమని 2018 జనవరిలో అమెరికా కేంద్ర విద్యాశాఖ తేల్చింది. అయినా ఆ అలవాటు పోలేదు. ఫ్లోరిడా 2023లో మామూలు పిల్లలందరికీ వోచర్ తలుపులు బార్లా తీసింది, ప్రత్యేక అవసరాల పిల్లల స్కాలర్‌షిప్‌కు మాత్రం సంఖ్యా పరిమితి అలాగే ఉంచింది. ఎవరి పేరు చెప్పి ఈ పథకాలు మొదలయ్యాయో వాళ్లే వరసలో నిలబడ్డారు.

రెండోది, ఎవరికి ఇవ్వాలో గిరి గీయడం. ఇది నాకు నచ్చుతుంది, కానీ నిలవదు. అరిజోనా 2011లో వైకల్యమున్న పిల్లల కోసమే ఇలాంటి సాయం డబ్బు వేసే ఖాతాలు తెరిచింది. అందరికీ విస్తరిద్దామంటే 2018లో ఓటర్లు దాదాపు 65 శాతం మంది వద్దన్నారు. నాలుగేళ్లు తిరక్కుండా, 2022లో, శాసనసభ అందరికీ ఇచ్చేసింది. అప్పటిదాకా 12,000 దగ్గరున్న లబ్ధిదారులు 2024కు 70,000 దాటారు. ముందు 100 రోజులు ప్రభుత్వ బడిలో చదివి ఉండాలని గవర్నర్ కేటీ హాబ్స్ 2024లో ప్రతిపాదిస్తే సభలో గట్టెక్కలేదు. ఒకసారి వచ్చిన డబ్బును వెనక్కి తీసుకోవడం ఏ ప్రభుత్వం వల్లా కాదు, మన రేషన్ కార్డుల సంగతి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పాలా? టెక్సాస్ మాత్రం కొంత జాగ్రత్తపడింది: పేదరిక రేఖకు అయిదు రెట్ల లోపు ఆదాయం ఉండి, వైకల్యమున్న పిల్లలున్న ఇళ్లకు తొలి వరస. 2025 లెక్కన నలుగురున్న ఇంటికి అది 1,60,750 డాలర్లు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మనవాళ్లు చాలామంది ఆ గీత అవతలే ఉంటారు.

మూడోది, హద్దు పిల్లల మీద కాకుండా డబ్బు తీసుకునే బడి మీద పెట్టడం, అంటే నిబంధనలు బడికి పెట్టడం. నా ఓటు దీనికే. 1975 నాటి కేంద్ర చట్టం వల్ల ప్రభుత్వ బడి వైకల్యమున్న పిల్లను కాదనలేదు. ఆ పిల్లకు ఏ సాయం ఎంత ఇవ్వాలో రాసే ప్రణాళిక, ఐఈపీ, అందులో రాసింది ఇవ్వకపోతే తల్లిదండ్రులు నిలదీయొచ్చు. వోచర్ తీసుకుని బయటికి నడిస్తే ఆ హక్కుల్లో చాలావరకు గడప దాటి రావు. ప్రైవేటు బడి చేర్చుకోనని చెప్పొచ్చు, మధ్యలో పంపేయొచ్చు. మతసంస్థల బడులకు వికలాంగుల హక్కుల చట్టంలోనూ మినహాయింపు ఉంది. ఈ సంగతి చాలా పథకాలు తల్లిదండ్రులకు చెప్పడమే లేదని, కొన్ని తప్పుగా చెబుతున్నాయని ప్రభుత్వ పథకాల్ని తనిఖీ చేసే కేంద్ర జవాబుదారీ కార్యాలయం (జీఏఓ) 2017లో బయటపెట్టింది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. బడుల మీద నిబంధనలు పెంచితే చిన్న బడులు 'మాకీ తలనొప్పి వద్దు' అని తప్పుకుంటాయి, పల్లెల్లో వోచర్ చేతిలో ఉన్నా చేరే బడి ఉండదు. వోచర్ లేకుండా ఇంకో దారీ ఉంది: ప్రభుత్వ బడి చేతులెత్తేస్తే ఆ కేంద్ర చట్టం కిందే ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ జిల్లా చేత ప్రైవేటు ఫీజు కట్టించుకోవచ్చు, హక్కులు పోవు. కానీ కొలరాడోలో ఎండ్రూ ఎఫ్. కేసు చూడండి: 2010లో తల్లిదండ్రులు ప్రైవేటు బడికి మార్చారు, సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వాళ్ల వైపు మాట్లాడేసరికి 2017 వచ్చింది. అంతకాలం రెండు చేతులా ఫీజూ లాయరు ఖర్చూ పెట్టుకోగలిగినవాళ్లెందరు?

అందుకే ఫారం మీద సంతకం పెట్టేముందు ఆ ప్రైవేటు బడి దగ్గర ఒక కాగితం తీసుకోండి. స్పీచ్ థెరపీ వారానికి ఎన్ని నిమిషాలు, ఎవరిస్తారు, ఏ కారణం మీద పిల్లను పంపేస్తారు అని. నోటితో చెప్పి కాగితం మీద రాయనంటే, ప్రభుత్వ బడి ఐఈపీని ఇంకో ఏడాది వదలకండి.