వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్: తొందర లేనివాళ్ల యుద్ధం

కొన్నేళ్లుగా వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్ అనే ఆన్‌లైన్ నౌకా యుద్ధాల ఆటను ఆడుతున్నవాడిగా నా తీర్పును ముందే చెబుతాను. ఓడలను బలాన్ని బట్టి విభజించిన అంచెలను ఇందులో టియర్లు అంటారు. ఆరు, ఏడు టియర్లలో నిదానంగా ఆడుకోగలిగినవారికి ఇది నిజంగానే ఉచితమైన ఆట. పదో టియర్‌కు ఎంత త్వరగా చేరుదామా అని ఆరాటపడేవారికి మాత్రం జేబుకూ ఓర్పుకూ కూడా బరువైన ఆట. ఒకే ఆట గురించి ఈ రెండు మాటలూ ఎలా నిజమయ్యాయో చెప్పాలంటే, ముందు దీనిలో యుద్ధం ఎలా సాగుతుందో చూడాలి. డబ్బు సంగతి ఆ తర్వాత.

ఈ ఆట 2015 సెప్టెంబర్ 17న పూర్తి స్థాయిలో విడుదలైంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని లెస్టా స్టూడియో దీన్ని రూపొందించగా వార్‌గేమింగ్ సంస్థ ప్రచురించింది. 2022లో వార్‌గేమింగ్ రష్యా, బెలారస్ దేశాల నుంచి తప్పుకున్నాక, అక్కడి ఆటను లెస్టా విడిగా నడుపుకుంటోంది. భారతదేశం నుంచి ఆడేవారిలో ఎక్కువమంది ఎంచుకునేది ఆసియా సర్వర్. సాధారణ యుద్ధంలో ఇరువైపులా పన్నెండేసి మంది ఆటగాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో ఓడ, గరిష్ఠంగా 20 నిమిషాల సమయం ఉంటాయి. ఎదుటి జట్టు ఓడలన్నింటినీ ముంచినా గెలుపే, స్థావరాలను పట్టి ఉంచి ముందుగా 1000 పాయింట్లు చేరుకున్నా గెలుపే. ఈ రెండో దారిని మరిచిపోయి, శత్రువును వెంటాడుతూ పటం అంచులకు పోయే జట్లు అన్ని టియర్లలోనూ కనిపిస్తాయి.

తుపాకీ ఆటలకు అలవాటుపడినవారికి ఇక్కడ మొదట కొత్తగా తోచేది కాలం. 15 కిలోమీటర్ల అవతల ఉన్న ఓడ మీదికి వదిలిన గుండు అక్కడికి చేరడానికి ఓడను బట్టి ఏడు నుంచి పన్నెండు సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో లక్ష్యం ఎంత దూరం కదులుతుందో, చుక్కాని తిప్పుతుందో లేదో అంచనా వేసి, ఖాళీ నీటి మీదికి గురిపెట్టాలి. మందమైన కవచమూ పెద్ద ఫిరంగులూ ఉండే బ్యాటిల్‌షిప్ మళ్లీ కాల్చడానికి దాదాపు అర నిమిషం కావాలి. కొన్నింటి ఫిరంగులు ఒక పక్క నుంచి మరో పక్కకు తిరగడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. అందుకే ఇక్కడ చేతివేగం కంటే ముందుచూపుకు విలువ ఎక్కువ. వయసు పైబడి, వేగంగా సాగే ఆటల్లో కుర్రవాళ్లతో పోటీపడలేనివారు కూడా ఇక్కడ గౌరవంగా నిలబడగలుగుతారు. పింగ్, అంటే సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం, కొంచెం ఎక్కువగా ఉన్నా నష్టం పెద్దగా తెలియకపోవడానికి కారణం కూడా ఇదే. గుండు పది సెకన్లు గాలిలో ఉండే చోట సెకనులో పదో వంతు ఆలస్యాన్ని లెక్కపెట్టవలసిన పని లేదు.

నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది కవచం లెక్క. కవచాన్ని చీల్చే గుండు ఓడకు ఎదురుగా నేరుగా తగిలితే లోపలికి దిగుతుంది. ఏటవాలుగా తగిలితే జారిపోతుంది. చాలా గుండ్లకు లంబం నుంచి 45 డిగ్రీల కోణం దాటితే జారిపోయే అవకాశం మొదలై, 60 డిగ్రీల దగ్గర అది ఖాయమవుతుంది. లోపలికి దిగిన గుండు ఇంజిన్లూ మందుగుండు గదులూ ఉండే సిటడెల్‌లో పేలితే నష్టం మొత్తం పడుతుంది, ఇతర భాగాల్లో పేలితే మూడో వంతు పడుతుంది, పేలకుండా ఒక పక్క నుంచి మరో పక్కకు దూసుకుపోతే పదో వంతే పడుతుంది. అందువల్ల ఎదుటివాడికి పక్కభాగం చూపకుండా ముక్కు తిప్పి నిలబడటం ఈ ఆటలో మొదటి పాఠం. అయితే దానికీ ఒక మినహాయింపు ఉంది. ఫిరంగి వ్యాసాన్ని 14.3తో భాగిస్తే వచ్చే సంఖ్య ఎదురుగా ఉన్న రేకు మందం కంటే ఎక్కువైతే, కోణంతో సంబంధం లేకుండా గుండు దిగిపోతుంది. పై టియర్ల బ్యాటిల్‌షిప్‌లలో ఎక్కువ వాటికి ముక్కు దగ్గర 32 మిల్లీమీటర్ల రేకు ఉంటుంది. యమాటో ఫిరంగి 460 మిల్లీమీటర్లు కాబట్టి దాని లెక్క 32.17 వస్తుంది, గుండు దిగుతుంది. బ్రిటిష్ థండరర్ ఫిరంగి 457 మిల్లీమీటర్లు, లెక్క 31.96 దగ్గర ఆగిపోతుంది, గుండు జారిపోతుంది. మూడు మిల్లీమీటర్ల తేడా ఒక ఓడను భయపెట్టే ఓడగా, మరొక దాన్ని ఓర్చుకోదగిన ఓడగా మార్చేస్తుంది. ఇలాంటి లెక్కలు ఇష్టపడనివారికి ఈ ఆట అన్యాయంగా తోస్తుంది. ఇష్టపడేవారికి చాలాకాలం వదలబుద్ధి కాదు.

కవచాన్ని చీల్చలేని చిన్న ఓడలకు నిప్పే ఆయుధం. పేలుడు గుండ్లతో అంటించిన ఒక్క మంటను ఆర్పకుండా వదిలేస్తే బ్యాటిల్‌షిప్ మొత్తం బలంలో 18 శాతం దాకా కరిగిపోతుంది. అగ్నిమాపక సిబ్బందిని ఒకసారి వాడితే మళ్లీ సిద్ధమయ్యేవరకు ఆగాలి. మొదటి మంటకే వాడేసుకున్నవాడికి రెండో మంటో, టార్పెడో తెచ్చిన వరదో తప్పదు. ఒక మంటను కాలనిచ్చి, రెండోది అంటుకున్నాక ఆర్పే ఓర్పు ఉన్నవాడే యుద్ధం చివరిదాకా మిగులుతాడు.

గోప్యత ఈ ఆటకు మరో ప్రాణం. ప్రతి ఓడా ఎంత దూరం నుంచి కనిపిస్తుందో ఒక సంఖ్య ఉంటుంది. డిస్ట్రాయర్లు చిన్నవి, వేగమైనవి. వాటిలో జపాన్ ఓడ షిమకాజేను గోప్యత కోసం పూర్తిగా తీర్చిదిద్దుకుంటే శత్రువు ఆరు కిలోమీటర్లలోపుకు వచ్చేదాకా దాన్ని చూడలేడు. అది మాత్రం ఒకేసారి 15 టార్పెడోలను వదలగలదు. దానికి విరుగుడుగా, మధ్యస్థాయి ఓడలైన క్రూయిజర్లలో కొన్నింటికి రాడార్ ఇచ్చారు. ఆ రాడార్ కొండలూ దీవులూ అడ్డున్నా వాటి వెనక ఉన్న ఓడలను చూపిస్తుంది. భౌతికశాస్త్రం తెలిసినవారికి ఇది నవ్వు తెప్పించే విషయమే అయినా, ఆట సమతూకం కోసం పెట్టిన నియమమని ఒప్పుకుని ముందుకు సాగాలి. దీవుల సంగతి వచ్చింది కాబట్టి ‘టూ బ్రదర్స్’ అనే పటం గురించి చెప్పాలి. దాని నడుమ రెండు పొడవాటి దీవుల మధ్య ఒక ఇరుకు సందు ఉంటుంది. ఆట మొదలవగానే అందులోకి దూరి అవతలివాళ్ల వెనక తేలాలనుకునే వీరుడు దాదాపు ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు. ఎదుటివాళ్లు ఆ సందు చివర ఫిరంగులు గురిపెట్టి కాచుకుని ఉంటారు.

విమానవాహక నౌకల దగ్గరకు వచ్చేసరికి నా మెప్పు తగ్గుతుంది. 2019 జనవరిలో వీటి పద్ధతిని పూర్తిగా మార్చారు. అంతకుముందు పైనుంచి పటం చూస్తూ అనేక దళాలను ఒకేసారి నడిపేవారు. ఇప్పుడు ఒక దళాన్ని దగ్గరుండి నడుపుతూ రాకెట్లో, బాంబులో, టార్పెడోలో వదులుతారు. నడిపేవారికి ఇది సులువైంది. కింద ఉన్నవారికి, ముఖ్యంగా దాగి ఉండటమే బలంగా బతికే డిస్ట్రాయర్లకు, ఆకాశం నుంచి వచ్చే చూపును తప్పించుకునే దారి చాలా తక్కువ. విమానాలు పోతే వాహక నౌకకు కొంత నష్టమే కానీ, ఆ నౌక మాత్రం ఎక్కడో వెనక క్షేమంగా ఉంటుంది. ఇరువైపులా సమానమైన అపాయం లేని చోట పోరు చప్పబడుతుందని నా అభిప్రాయం.

2022లో సాధారణ యుద్ధాల్లోకి వచ్చిన జలాంతర్గాముల విషయంలో నేను అంత కఠినంగా ఉండను. నీటి అడుగున ఎక్కువసేపు ఉంటే వాటి శక్తి తరిగిపోతుంది, పైకి రాక తప్పదు. సోనార్ తరంగంతో గుర్తించిన ఓడ వైపు వాటి టార్పెడోలు దారి మళ్లుతాయి. పెద్ద ఓడలు విమానాల ద్వారా డెప్త్ చార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) వేయించి బదులు తీర్చుకోవచ్చు. ఆలోచన బాగుంది, అమలే తడబడింది. ఎదురుదాడికి సాధనాలున్నా, దాడి చేసినది ఎక్కడుందో తెలియక బ్యాటిల్‌షిప్ నడిపేవాడు విసుగెత్తిపోతాడు. విశాఖ రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలిపిన కుర్సురా లోపల వంగి వంగి నడిచినవారికి, ఆటలోని జలాంతర్గామి చేప పిల్లలా మలుపులు తిరగడం వింతగా అనిపిస్తుంది.

ఇక డబ్బు. ఒకటో టియర్ నుంచి ఐదో టియర్ దాకా ఓడలు త్వరత్వరగా చేతికొస్తాయి. ఆరు, ఏడు టియర్లలో వేగం తగ్గినా ఆడిన ఆటకు తగిన ఫలితం కనిపిస్తుంది. ఎనిమిదో టియర్ నుంచి మెట్లు ఎత్తుగా మారతాయి. పదో టియర్ ఓడ కొనడానికి యుద్ధాల్లో సంపాదించే ఆట సొమ్మైన క్రెడిట్లు సుమారు రెండు కోట్లు కావాలి, దానికి ముందు తొమ్మిదో టియర్ ఓడతో అనుభవ పాయింట్లు పోగుచేయాలి. డబ్బు కట్టి తీసుకునే ప్రీమియం ఖాతా లేకుండా అక్కడ ఓడిపోయిన యుద్ధంలో వచ్చే క్రెడిట్లు ఓడ నిర్వహణకు చాలకపోవడం మామూలే. అప్పుడు ఆటగాడు కింది టియర్లకు దిగి సంపాదించుకుని రావాలి, లేదా అసలు డబ్బు పెట్టి డబ్లూన్లు అనే ఆట నాణేలు కొనాలి. డబ్బు పెట్టినవాడికి బలమైన గుండు దొరకదు, సమయం కలిసివస్తుంది. ఈ మాట చాలావరకు నిజమే. అయితే ఎక్కువగా డబ్బుతో దొరికే ప్రీమియం ఓడల్లో కొన్ని తమ టియర్‌లోని మామూలు ఓడల కంటే స్పష్టంగా మెరుగ్గా ఉంటాయని ఆడేవారందరికీ తెలుసు. అలాంటి కొన్నింటిని తర్వాత అమ్మకం నుంచి తీసివేయడమే దానికి సాక్ష్యం.

అదృష్టం మీద నడిచే పెట్టెల అమ్మకమే నాకు అన్నిటికంటే నచ్చనిది. మిస్సోరి ఉదంతం ఇందుకు మంచి ఉదాహరణ. 1945 సెప్టెంబర్ 2న జపాన్ లొంగుబాటు పత్రంపై సంతకాలు జరిగిన ఆ నౌక, ఆటలో మొదట 7,50,000 ఫ్రీ ఎక్స్‌పీకి (ఏ ఓడకైనా వాడుకోగల అనుభవ పాయింట్లకు) దొరికేది. అంటే ఓర్పుతో ఆడిన ఎవరైనా తెచ్చుకోగలిగేవారు. కొంతకాలానికి దాన్ని తొలగించారు. 2021లో తిరిగి తెచ్చినప్పుడు ఏది దొరుకుతుందో ముందుగా తెలియని పద్ధతిలో అమ్మారు. ఆ ఆగస్టులో ఆట గురించి వీడియోలు చేసే పలువురు ప్రముఖులు సంస్థ నడిపే ప్రోత్సాహక కార్యక్రమం నుంచి వైదొలగడం వెనక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. డబ్బు ఖర్చుపెట్టాలనే ఉంటే ప్రీమియం ఖాతా మీదో, పేరు చూసి ఎంచుకున్న ఒక ఓడ మీదో పెట్టాలి. ఏముందో తెలియని పెట్టె జోలికి పోకూడదని, పిల్లలున్న ఇళ్లలో అయితే బ్యాంకు కార్డు వివరాలు ఆటలో భద్రపరచకూడదని నా సలహా.

ఇన్ని గొణుగుళ్ల తర్వాత కూడా నన్ను తిరిగి రేవుకు రప్పించేది ఓడల తయారీలో కనిపించే శ్రద్ధ. రెండో టియర్‌లో మికాసా, మూడో టియర్‌లో అరోరా ఉన్నాయి. 1905 నాటి సుషిమా యుద్ధంలో ఎదురెదురు పక్షాలలో ఉన్న ఈ రెండూ నేడు యొకొసుకాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ప్రదర్శనశాలలుగా ఉన్నాయి. ఆరో టియర్‌లోని జర్మన్ ఓడ గ్రాఫ్ స్పే 1939 డిసెంబర్‌లో రివర్ ప్లేట్ దగ్గర మూడు క్రూయిజర్లతో తలపడింది. ఆ మూడింటిలో ఒకటైన అకిలీస్ 1948లో మన నౌకాదళంలో చేరి, తర్వాత ఐఎన్‌ఎస్ ఢిల్లీ అయింది. కామన్వెల్త్ ఓడల్లో ఉన్న మైసూర్ అయితే మనదే. బ్రిటిష్ క్రూయిజర్ నైజీరియాగా పుట్టి, 1957లో ఐఎన్‌ఎస్ మైసూర్‌గా మారి, 1971 యుద్ధంలో పశ్చిమ నౌకాదళానికి పతాక నౌకగా నిలిచింది. ఆసియా సర్వర్‌లో ఆ పేరు కనిపించినప్పుడు నడిపేది భారతీయుడేనేమోనని చూస్తాను. తరచుగా జపాన్‌వాడో ఆస్ట్రేలియావాడో అయి ఉంటాడు. చరిత్రలో కాగితం దాటి రాని మోంటానా వంటి ఓడలు పై టియర్లకు చేరేకొద్దీ ఎక్కువవుతాయి. కింది టియర్లంటే నాకు మక్కువ ఉండటానికి ఇదీ ఒక కారణం.

మన ప్రాంతం నుంచి ఆడేవారికి కొన్ని ఆచరణ విషయాలు చెప్పాలి. డౌన్‌లోడ్ 50 జీబీకి పైగా ఉంటుంది, తరచూ వచ్చే నవీకరణలు అదనం; నెలవారీ డేటా పరిమితి ఉన్నవారు ముందే చూసుకోవాలి. యుద్ధం మధ్యలో ఇంటర్నెట్ తెగితే ఓడ తన దారిన తాను పోతూనే ఉంటుంది, తిరిగి లాగిన్ అయితే అదే యుద్ధంలోకి చేరవచ్చు. మన రాత్రి పదకొండు గంటలకు జపాన్‌లో రెండున్నర అవుతుంది కాబట్టి ఆసియా సర్వర్ ఆ తర్వాత పలుచబడుతుంది. సాయంత్రాలు ఆడటమే మేలు. ఆటలో తెలుగు లేదు. చాట్‌లో ఇంగ్లీషు నాలుగు ముక్కలు వస్తే సరిపోతుంది, పటం మీద వేలు చూపినట్టుగా చదరాన్ని సూచించే మీట అంతకంటే ఎక్కువ పనిచేస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవారు అమెరికా, జపాన్ క్రూయిజర్లలో ఏదో ఒక వరుసతో ఆరంభిస్తే ఫిరంగి, కవచం, గోప్యత మూడూ ఒకేసారి తెలిసివస్తాయి. విమానవాహక నౌకలను తొలి నెలల్లో ముట్టుకోకపోవడం మంచిది, ఎందుకంటే అవి మిగతా ఆటను ఏమీ నేర్పవు. ఆరో టియర్‌కు చేరగానే ఆపరేషన్లు తెరుచుకుంటాయి: ఏడుగురు ఆటగాళ్లు కలిసి కంప్యూటర్ నడిపే ఓడలతో పోరాడే సన్నివేశాలివి. క్రెడిట్లకూ అనుభవానికీ ఉచితంగా ఆడేవారికి ఇంతకంటే మంచి చోటు ఆటలో లేదు, అక్కడ తిట్లు కూడా తక్కువ. ఎనిమిదో టియర్‌కు వెళ్లేముందు, ఆ ఓడలను తరచూ పదో టియర్ ఓడల మధ్య పడేస్తారన్న సంగతి తెలుసుకుని, ఏడో టియర్‌లో ఇష్టమైన ఓడను అమ్మకుండా రేవులో ఉంచుకోవాలి.