ఆరేండ్లు వాడినంక డయోడ్ లేజర్ మీద నా మాట, నల్లగొండ క్లినిక్ నుంచి

మిషిన్ కొని ఆరేండ్లు దాటింది. 810 నానోమీటర్ డయోడ్, వెంట్రుకలు తగ్గించేది. నల్లగొండల సొంత క్లినిక్ పెట్టిన రెండో ఏడు బ్యాంకు లోను మీద తీసుకున్న. మొన్న మిర్యాలగూడల కొత్తగ క్లినిక్ పెడుతున్న జూనియర్ ఒకామె ఫోన్ చేసి అక్కా ఏ మిషిన్ తీసుకోమంటవ్ అని అడిగింది, గంట సేపు మాట్లాడి ఫోన్ పెట్టేసినంక చూస్తే మిషిన్ గురించి పది నిమిషాలే చెప్పిన, మిగతాదంత ఎవరికి చెయ్యొద్దో అదే చెప్పిన. గందుకే ఇది రాస్తున్న.

మిషిన్ సంగతి తొందరగ చెప్పేస్త. పని బాగ చేస్తది. కాళ్లు, చంకలు, మగపిల్లల గడ్డం లైను, నల్లటి మందపాటి వెంట్రుక ఉన్న చోటల్ల ఆరు నుంచి ఎనిమిది సెషన్లల్ల మస్తు తేడా వస్తది. కాని ఎండకాలం 44 డిగ్రీలల్ల మిషిన్ ను చల్లబరిచే చిల్లర్ మొరాయిస్తది, ఏసీ ఆగిందంటె నేను సెషన్ నడిమిట్లనే ఆపేస్త, ఎందుకంటె తోలుకు ఆనించే టిప్ చల్లగ లేకుంటె కాలేది పేషెంట్ తోలే. స్టెబిలైజర్, యూపీఎస్ ఖర్చు మిషిన్ రేటుల కలిపి లెక్క చూసుకోండ్రి, డీలర్ అది చెప్పడు, నాకైతే చెప్పలే. డిస్టిల్డ్ వాటర్ టైముకు మార్చాలె. గంతే.

ఇంక అసలు ముచ్చట. లేజర్ వెతుక్కునేది మెలనిన్ ని, అంటె నలుపు రంగు ఇచ్చేదాన్ని. అది వెంట్రుక కుదురుల ఉంటది, పైతోలులనూ ఉంటది. మన దిక్కు ఎక్కువమంది, తోలు ఎంత నలుపో కొలిచే ఫిట్జ్‌పాట్రిక్ స్కేల్ ల నాలుగు, ఐదు, అంటె పైతోలు కూడ వెలుగును గుంజుకుంటది. అందుకే జూల్స్, అంటె కొట్టే శక్తి, తక్కువ నుంచి మొదలుపెట్టాలె, పల్స్, అంటె ఒక్కో షాట్ వెలుగు ఉండే టైము, పొడుగు పెట్టాలె. ఇదంత పుస్తకంల చదివిందే. కాని పుస్తకంల పత్తి ఏరుడు ఉండదు కదా.

రెండో ఏడు దేవరకొండ దిక్కు నుంచి ఒక పిల్ల వచ్చింది, డిగ్రీ చదువుతది, చేతుల మీద వెంట్రుకలు. మొదటి రెండు సెషన్లు మంచిగ అయినయి. మూడోసారి సెలవులల్ల ఇంటికి పొయ్యి పది రోజులు పత్తి ఏరి వచ్చింది, చెయ్యి ఒక చాయ నల్లబడ్డది, నేను గమనించలే, పోయినసారి సెట్టింగే కొట్టేసిన. నాలుగు రోజులకు ఫోటో పంపింది, మోచెయ్యి నుంచి మణికట్టు దాక టిప్ ఎంత సైజో అంత సైజు నలుపు గళ్లు, వరుసగ, పలక మీద గీతలు కొట్టినట్టు. మచ్చలు పోయేదాక ఏడు నెలలు పట్టింది, ఆ ఏడు నెలలు ఆ పిల్ల ఫుల్ చేతుల డ్రెస్సే వేసుకుంది, నేను రూపాయి తీసుకోకుండ చూసిన. తప్పు మిషిన్ ది కాదు, నాది. అప్పటిసంది ప్రతి సెషన్ కు ముందు అడిగేది ఒక్కటే, పోయినసారి నుంచి ఎండల ఏం పని చేసినవ్ అని. నాట్లు, పత్తి, ఉపాధి పని, ఏదన్న ఉంటె ఆరు వారాలు ఆగి రమ్మంట. నాట్ల టైముల నా మిషిన్ సగం రోజులు ఖాళీ, ఉండనియ్.

రెండోది ముఖం. పై పెదవి, గడ్డం మీద వెంట్రుకలని వచ్చేటోళ్లల్ల చానమంది ముఖానికి ఏదో ఒకటి రాస్తరు. స్టిరాయిడ్ వాడుతున్నవా అంటె లేదంటరు, అబద్ధం కాదు, వాళ్లకు తెల్వదు. నేను గట్ల అడగ. "తెల్లగైతదని మెడికల్ షాపుల ఏ ట్యూబ్ ఇచ్చిన్రు, ఇంటికి ఫోన్ చేసి ఫోటో తెప్పియ్" అంట. పదిల నాలుగైదుసార్లు ఫోటోల స్టిరాయిడ్ కలిపిన ట్యూబే ఉంటది. 2018లనే వీటిని షెడ్యూల్ హెచ్ ల పెట్టిన్రు, చీటీ లేకుండ అమ్మొద్దని, అయినా గోలీ బిళ్లలు ఇచ్చినట్టు ఇస్తనే ఉన్నరు. ఆ ట్యూబుతోనే ముఖం మీద నూగు పెరుగుతది, తోలు పల్చబడి ఎర్రగైతది, దాని మీద లేజర్ కొడితె ఇంకో రోగం తయారు. ముందు ట్యూబ్ ఆపిపియ్యాలె. ఆపినంక కొన్ని వారాలు ముఖం మండుతది, డాక్టరమ్మ మందు పడలేదని తిడతరు, ఆ తిట్లు పడాలె.

పీరియడ్స్ సరిగ్గ రాని పిల్లలైతె ముందు రక్త పరీక్ష, స్కానింగ్, గైనకాలజిస్ట్ దగ్గరికి. పీసీఓడీ, అంటె వెంట్రుకలు పెంచే హార్మోన్ల తేడా, అట్లనే పెట్టి పైన లేజర్ కొడితె బోరు నడుస్తనే ఉండంగ గిన్నెతోని నీళ్లు తోడినట్టు. ఇంకోటి, చెంపల మీద సన్నటి నూగు ఉన్నోళ్లకు కొడితె కొన్నిసార్లు తగ్గాల్సింది పోయి ఇంక మందంగ పెరుగుతది. నా దగ్గర ఇద్దరికి అయింది. ఇప్పుడు చెంపలంటె త్రెడ్డింగ్ చేపిచ్చుకో పో అంట. గడ్డం మీద తెల్ల వెంట్రుకలు వచ్చిన పెద్దమ్మలకు కూడ, లేజర్ కు ఆ తెలుపు కనవడదమ్మా అని చెప్పి పంపిస్త.

పెండ్లి కేసులు వేరే లెవెల్. మాఘమాసం ముందు హాలియ నుంచి ఒక తల్లి బిడ్డను తీసుకొచ్చింది, పెండ్లికి పద్దెనిమిది రోజులు. "ఏం గాదు మేడం, జర మంచిగ చెయ్యుండ్రి, పైసలకు వెనుకాడం." బిడ్డ మాట్లాడలే, అద్దం వంక చూస్తుంది. నేను చెయ్యనన్న. వారం ముందు వ్యాక్సింగ్ కూడ అయింది, కుదురుల వెంట్రుకే లేదు, లేజర్ దేన్ని కాల్చాలె? తల్లి కోపంతోని లేచి పోయింది, మెట్ల మీద "గీ ఊర్లె ఒక్కతే డాక్టరా" అన్నది నాకు వినవడ్డది. ఒక్కతే కాదు నిజమే, వేరేచోట చేపిచ్చుకున్నరని తర్వాత తెలిసింది, ఏమైందో అడగలే.

పైసల ముచ్చట. మొదట్ల ఎనిమిది సెషన్ల ప్యాకేజీ ముందే తీసుకుంటుంటి, డీలరే నేర్పిండు, ఈఎంఐ ఎల్లిపోతదని. అది బంద్ చేసిన. ఎనిమిదింటికి పైసలు కట్టినోళ్లను నడిమిట్ల ఆగమంటె ఆగరు, కట్టించుకున్న నాకూ నోరు రాదు. ఇప్పుడు ఏ సెషన్ పైసలు ఆ సెషన్ కే. మొదటి ఆరు నెలలు ఈఎంఐకి బంగారం పెట్టాల్సి వచ్చింది, అబద్ధం చెప్ప. తర్వాత సర్దుకుంది. వచ్చిన రోజే ఎవ్వరికి సెషన్ మొదలుపెట్ట, చిన్న ప్యాచ్ కొట్టి రెండు వారాలు చూస్త. గోడకు నీలం గుడ్డ, కింద టేపు గీత, ఒకే లైటు, ప్రతిసారి అక్కడ నిలబెట్టి ఫోటో, లేకుంటె నాలుగో సెషన్ ల "ఏం తగ్గలే మేడం" అన్నోళ్లకు చూపియ్యనీకి ఏం ఉండదు. చీటీ మీద తగ్గుతది అని రాస్త, మొత్తం పోతది అని రాయ.

ఇప్పుడు చేతుల పట్టుకొని కొట్టే హ్యాండ్‌పీస్ షాట్ల కౌంట్ చివరికొచ్చింది. పవర్ పడిపోతున్నట్టు చేతికి తెలుస్తుంది, కొట్టినంక వెంట్రుక మొదలు చుట్టు ఉబ్బాల్సినంత ఉబ్బుతలేదు. కొత్త హ్యాండ్‌పీస్ తీసుకోవాలంటె డీలర్ పాత మిషిన్ రేటుల దగ్గర దగ్గర సగం చెప్తున్నడు. శ్రావణం లోపు తేల్చుకోవాలె, అప్పటిదాక కొత్త పేర్లు రాసుకోవద్దని రిసెప్షన్ ల పిల్లకు చెప్పిన.