ఆఫీసు కంప్యూటర్‌ను ఇంటి నుంచి లేపే రౌటర్: చాలాకాలం వాడాక

దూరంగా ఉన్న కంప్యూటర్‌ను ఇంటర్నెట్ మీదుగా ఆన్ చేయాలంటే ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఒకటే. రౌటర్‌లో 9వ నంబర్ పోర్ట్ (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరవండి, అక్కడికి వచ్చిన ప్యాకెట్‌ను (చిన్న డేటా సందేశాన్ని) కంప్యూటర్‌కు మళ్లించండి, అంతే అంటారు. ఆ దారి వద్దు. లేపే పనిని రౌటర్‌కే అప్పగించండి. ఈ మొత్తం ఏర్పాటులో నాకు ప్రాణంలా అనిపించేది ఆ ఒక్క సౌకర్యమే, ఇది రాయాలనిపించింది కూడా దాని గురించే.

ముందు నా పరిస్థితి చెప్పాలి, ఎందుకంటే నా అభిప్రాయం దాని మీదే ఆధారపడి ఉంది. ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో, ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో. మిర్చి కమీషన్ షాపుల లెక్కలు చూస్తాను. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటా అంతా ఆఫీసులోని ఒక్క డెస్క్‌టాప్‌లోనే ఉంటుంది. మా పార్టీల్లో, అంటే మేం లెక్కలు చూసే షాపులవాళ్లలో, చాలామందికి తమ ఖాతాలు బయట ఎక్కడో సర్వర్‌లో ఉండటం ఇష్టం లేదు, వాళ్లను ఒప్పించే ఉద్దేశం నాకూ లేదు. నెలనెలా 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి 3బి అనే జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయాలి. ఆ తేదీల ముందు రాత్రుళ్లు ఇంట్లో కూర్చుని పని చేయక తప్పదు. అలాగని కంప్యూటర్‌ను ఎప్పుడూ ఆన్‌లోనే వదిలేసి రాలేను. ఏసీ ఆపి, కిటికీలు మూసి, తాళం వేసిన చిన్న గది అది. గుంటూరు ఎండల్లో ఆ గదిలో రాత్రీ పగలూ కంప్యూటర్ తిరుగుతూ ఉందంటే నాకు నిద్ర పట్టదు.

పోర్ట్ తెరిచే పద్ధతి ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. అది మొదటి పరీక్షలో తప్పకుండా పాసవుతుంది. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో బటన్ నొక్కితే కంప్యూటర్ చక్కగా లేస్తుంది. పని అయిపోయిందనుకుని ఇంటికి వెళ్తాం. తెల్లారి నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. నాకూ సరిగ్గా ఇదే జరిగింది, సెట్టింగుల్లో మాత్రం ఎక్కడా తప్పు లేదు.

అసలు సంగతి ఏమిటంటే, కంప్యూటర్‌ను లేపే ఆ ప్యాకెట్‌ను మ్యాజిక్ ప్యాకెట్ అంటారు, అది చాలా చిన్నది. ముందు ఎఫ్ఎఫ్ అనే విలువతో 6 బైట్లు, ఆ వెనుక లేపాల్సిన నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ (ఆ కార్డు సొంత గుర్తింపు నంబరు) 16 సార్లు, మొత్తం కలిపి 102 బైట్లు. కంప్యూటర్ ఆపి ఉన్నా కార్డుకు కొద్దిగా కరెంట్ అందుతూ ఉంటుంది కాబట్టి, వైరు మీద ఆ వరుస కనిపించగానే అది మదర్‌బోర్డుకు కబురు చేస్తుంది. కానీ ఆపి ఉన్న కంప్యూటర్‌కు ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఉండదు. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్‌ను రౌటర్ లోపలికి పంపాలంటే 'ఈ ఐపీ ఎవరిది' అని ముందు నెట్‌వర్క్‌లో అడగాలి. నిద్రలో ఉన్నది జవాబు చెప్పదు. షట్‌డౌన్ చేసిన కాసేపటి వరకూ రౌటర్‌కు పాత జవాబు గుర్తుంటుంది, అందుకే మొదటి పరీక్ష గట్టెక్కుతుంది. ఆ జ్ఞాపకం పోయాక ప్యాకెట్ రౌటర్ దగ్గరే ఆగిపోతుంది.

దీనికి విరుగుడుగా చివర 255 ఉండే, నెట్‌వర్క్‌లోని అందరికీ చేరే బ్రాడ్‌కాస్ట్ అడ్రస్‌కు మళ్లించమని చెబుతారు. చాలా రౌటర్లు అందుకు ఒప్పుకోవు, దానికి కారణం కూడా ఉంది. బయటి నుంచి ఒక నెట్‌వర్క్ మొత్తానికి ప్యాకెట్ పంపగలిగే ఆ వెసులుబాటును వాడుకుని 1990ల చివర్లో స్మర్ఫ్ అనే దాడులు చేశారు. అందుకని రౌటర్లు దాన్ని మామూలుగా మూసే ఉంచాలని 1999లో ప్రమాణాన్నే మార్చారు. ఇక మిగిలింది ఐపీనీ మ్యాక్‌నూ శాశ్వతంగా జత చేసి పెట్టడం. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు మాకు వచ్చిన పెట్టెలో ఆ సెట్టింగే లేదు.

అందుకే ఆ పెట్టె వెనుక ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసిన రౌటర్ ఒకటి పెట్టాను. అందులో వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ మీదుగా కంప్యూటర్‌ను లేపడం) పేజీ ఒకటి జత చేసుకోవచ్చు. కంప్యూటర్ పేరు ఎంచుకుని బటన్ నొక్కితే చాలు, రౌటర్ తానే మ్యాజిక్ ప్యాకెట్ తయారుచేసి ఆఫీసు వైరులోకి వదులుతుంది. ఐపీ ఎవరిదో అడగాల్సిన పని లేదు, మళ్లింపులు లేవు, మరిచిపోవడాలు లేవు. వీధి చివర నిలబడి కేకలు వేయడానికీ, ఇంట్లోవాళ్లే వచ్చి తట్టి లేపడానికీ ఎంత తేడా ఉందో ఈ రెండు పద్ధతులకూ అంత తేడా ఉంది. మైక్రోటిక్ రౌటర్లలో, ఆసుస్ రౌటర్లు కొన్నింటిలో ఈ సౌకర్యం కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే వస్తుంది. కొత్త రౌటర్ కొనేవాళ్లు వైఫై వేగం కంటే ముందు ఇది ఉందా లేదా చూడమని చెబుతాను.

ఇంటి నుంచి రౌటర్ పేజీలోకి వెళ్లడానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటర్నెట్‌లో రహస్యంగా నడిచే సొంత దారి) వాడుతున్నాను. సరైన తాళం లేకుండా తట్టినవాళ్లకు అది అసలు బదులే ఇవ్వదు, నాకు ఆ ధీమా కావాలి. మ్యాజిక్ ప్యాకెట్‌కు మామూలుగా పాస్‌వర్డ్ ఉండదు, కాబట్టి దాన్ని పోర్ట్ తెరిచి పిలవడం కంటే ఇది నయం. లేచిన తర్వాత రిమోట్ డెస్క్‌టాప్ (ఆ కంప్యూటర్ తెరను ఇంటి నుంచి వాడుకునే సౌకర్యం) కూడా ఆ దారిలోనే నడుస్తుంది. పార్టీల లెక్కలున్న కంప్యూటర్‌కు రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్ట్ బయటికి తెరవడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఇంకొకటి, రౌటర్‌లో బయటి వైపు అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలవుతుంటే మీ అడ్రస్‌ను మీతో పాటు మరెందరో పంచుకుంటున్నారని అర్థం. అప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం ఉండదు. మాదీ అదే పరిస్థితి. ఏడాదికి కొంత అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ (మాకొక్కరికే ఉండే, మారని అడ్రస్) తీసుకున్నాక గానీ దారి పడలేదు.

అవన్నీ ఒకసారి కుదిరాక చాలాకాలం నేను ఎవరి దగ్గరా దీన్ని పొగడకుండా ఉండలేదు. భోజనాలయ్యాక ఫోన్‌లో బటన్ నొక్కి, వంటగది సర్దుకుని వచ్చేసరికి గుంటూరు కంప్యూటర్ లాగిన్ కోసం ఎదురుచూస్తూ ఉండేది. పని అయ్యాక షట్‌డౌన్ చేసి పడుకునేదాన్ని. పూర్తిగా ఆపేసిన కంప్యూటర్ కూడా ఎక్కడి నుంచైనా లేస్తుందని తోటి అకౌంటెంట్లకు చెప్పేదాన్ని.

తర్వాత ఒక మే నెల 20వ తేదీ వచ్చింది. సాయంత్రం గాలివాన. నేను త్వరగా బయల్దేరి విజయవాడ వచ్చేశాను, ఇద్దరు పార్టీల 3బి రాత్రికి మిగిలింది. గుంటూరులో కరెంట్ పోయిందని తెలిసింది. రౌటర్లు రెండూ ఇన్వర్టర్ మీద ఉంటాయి కాబట్టి నాకు భయం లేదు. కంప్యూటర్‌కు చిన్న యూపీఎస్ ఉంది, అది ఎక్కువసేపు నిలబడదు. అయినా కంప్యూటర్ ఎలాగూ ఆపే ఉంది కదా అనుకున్నాను. కరెంట్ వచ్చిందని కబురందాక బటన్ నొక్కాను. ప్యాకెట్ పంపానని రౌటర్ చెప్పింది, కంప్యూటర్ లేవలేదు. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. టెన్షన్ మొదలైంది.

రౌటర్‌లో పోర్టుల (ఇక్కడ పోర్టు అంటే వైరు గుచ్చే చోటు) పేజీ తెరిచి చూస్తే అసలు విషయం కనబడింది. కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు కూడా దాని వైరున్న పోర్టు మామూలుగా 10 ఎంబీపీఎస్ దగ్గర లింక్ ఉన్నట్టు చూపిస్తుంది. కార్డు నిద్రలోనూ చెవి ఒగ్గి ఉందనడానికి అదే గుర్తు. ఆ రాత్రి అక్కడ లింక్ లేదు, వైరు పీకేసినట్టే ఉంది. కార్డు వినడమే మానేసింది, ఇక ఎన్ని ప్యాకెట్లు పంపినా వృథా అని అప్పుడు అర్థమైంది.

ఆఫీసు కింద స్టేషనరీ షాపు ఉంది. అత్యవసరానికని వాళ్ల దగ్గర ఒక తాళంచెవి ఉంచాం. ఫోన్ చేశాను.

"బాబాయ్ గారూ, షాపు కట్టేశారా?"

"కడుతున్నానమ్మా, ఏమైంది?"

"ఒక్కసారి పైకెళ్లి సీపీయూ మీద గుండ్రటి బటన్ నొక్కుతారా? పట్టుకుని ఉంచొద్దు, నొక్కి వదిలేయండి చాలు."

ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. "నొక్కానమ్మా. ఫ్యాన్ తిరుగుతోంది, నీలం లైటొచ్చింది," అన్నారు. ఆయన తలుపు వేసి దిగేలోపే పోర్టు పేజీలో లింక్ ఒక జీబీపీఎస్‌కు మారింది. అర్ధరాత్రి లోపల రిటర్నులు రెండూ వెళ్లిపోయాయి. బాబాయ్ గారు ఇంకో పది నిమిషాల ముందు షాపు కట్టేసి ఉంటే పార్టీలకు లేట్ ఫీజు, నాకు మాట పోవడం.

మర్నాడు ఆఫీసులో కూర్చుని దీని సంగతి చూశాను. ఆపి ఉన్న కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డు బతికేది ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంట్ అందించే పెట్టె) ఇచ్చే 5 వోల్టుల స్టాండ్‌బై కరెంట్ మీద. 'మ్యాజిక్ ప్యాకెట్ కోసం చూస్తూ ఉండు' అని కార్డుకు చెప్పి పడుకోబెట్టేది షట్‌డౌన్ సమయంలో విండోస్ డ్రైవర్ (కార్డును నడిపించే ప్రోగ్రామ్). యూపీఎస్ కూడా ఖాళీ అయ్యేంతసేపు కరెంట్ పోతే ఆ మాట చెరిగిపోతుంది. కరెంట్ తిరిగొచ్చినా మళ్లీ చెప్పేవాళ్లు ఉండరు, కంప్యూటర్ ఒకసారి పూర్తిగా లేస్తే తప్ప. కొన్ని మదర్‌బోర్డులు బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రామ్) నుంచే ఆ పని చేసేస్తాయి, మాది చేయదు. అంటే గాలివాన వచ్చిన రాత్రి, నేను ఆఫీసుకు వెళ్లలేని రాత్రి, సరిగ్గా అవసరమైన రాత్రే ఇది చేతులెత్తేస్తుంది. ఈ విషయం ఏ అట్టపెట్టె మీద గానీ, ఏ పుస్తకంలో గానీ ఒక్క ముక్క రాయలేదన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది.

విరుగుడు బయోస్‌లోనే ఉంది. కరెంట్ తిరిగొస్తే ఏం చేయాలి అనే చోట పవర్ ఆన్ అని పెట్టాను. ఇప్పుడు కరెంట్ రాగానే కంప్యూటర్ తనంతట తాను లేస్తుంది. యూపీఎస్ కూడా తనంతట తాను ఆన్ అయ్యే రకం కావాలి, లేకపోతే ఈ సెట్టింగ్ దండగ. మాది అదృష్టవశాత్తు అలాంటిదే. అయితే అర్ధరాత్రి రెండింటికి కరెంట్ వస్తే రెండింటికే లేచి పొద్దున్నదాకా ఆ వేడిగదిలో తిరుగుతూ కూర్చుంటుంది, నేను వద్దనుకున్నదే మళ్లీ మొదటికొస్తుంది. అందుకని అరగంట ఎవరూ ముట్టుకోకపోతే స్లీప్‌లోకి వెళ్లేలా పెట్టాను. స్లీప్‌లోకి వెళ్లేటప్పుడు డ్రైవర్ కార్డును మళ్లీ సిద్ధం చేస్తుంది, లింక్ కనిపిస్తుంది, బటన్ పనిచేస్తుంది. పైగా స్లీప్ నుంచి లేవడం క్షణాల్లో అయిపోతుంది. ఇప్పుడు నేను షట్‌డౌన్ చేయడమే మానేశాను.

కాబట్టి పూర్తిగా ఆపేసినా లేస్తుందని ఒకప్పుడు నేను చెప్పిన మాటను ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. మా కంప్యూటర్‌లో విండోస్ ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యేందుకు పూర్తిగా షట్‌డౌన్ కాకుండా ఉంచే సెట్టింగ్) తీసేస్తేనే షట్‌డౌన్ నుంచి లేచేది, ఒక పెద్ద అప్‌డేట్ తర్వాత చూస్తే ఆ టిక్ మళ్లీ పడి ఉంది. బయోస్‌లో ఈఆర్‌పీ అని ఉంటే అదీ ఆపాలి. ఆపి ఉన్న పరికరం అర వాట్ కంటే ఎక్కువ తీసుకోకూడదని యూరప్‌లో 2013 నుంచి ఉన్న నిబంధన కోసం పెట్టిన ఏర్పాటు అది, కార్డుకు అందే కాస్త కరెంట్‌నూ కోసేస్తుంది. స్లీప్ నుంచి లేపడంలో ఈ తలనొప్పులు చాలా తక్కువ. కార్డు సెట్టింగుల్లో మ్యాజిక్ ప్యాకెట్‌కు మాత్రమే లేవాలన్న టిక్ పెట్టుకోండి చాలు. అది లేకపోతే నెట్‌వర్క్‌లో ఏ చిన్న అలికిడికైనా కంప్యూటర్ లేచి కూర్చుంటుంది.

ఈ మార్పుల తర్వాత కూడా గాలివానలు వచ్చాయి, కరెంట్ గంటల తరబడి పోయింది, ఇన్వర్టర్ కూడా అయిపోయి రౌటర్లు ఆగిపోయిన రోజులున్నాయి. కరెంట్ రాగానే అన్నీ వాటంతట అవే లేచాయి. బటన్ నొక్కే ముందు పోర్టు పేజీలో లింక్ చూసుకోవడం మాత్రం అలవాటైపోయింది. లింక్ ఉంటే లేస్తుందన్న నమ్మకం ఉంటుంది, లేకపోతే ఊరికే నొక్కుతూ టైం పాడుచేసుకోను.

అందరికీ ఇది కొనుక్కోండని చెప్పను. నాకు స్టాటిక్ ఐపీ దొరికింది, రౌటర్లకు ఇన్వర్టర్ ఉంది, కింద తాళంచెవితో బాబాయ్ గారున్నారు. కంప్యూటర్ వైఫై మీదే నడిచే చోట దీనికి దిగకండి, ల్యాన్ వైరు ఉండాల్సిందే. రిమోట్ డెస్క్‌టాప్ కోసం విండోస్ ప్రో కావాలి, హోమ్ ఎడిషన్ కుదరదు. స్టాటిక్ ఐపీ ఇవ్వని చోట టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ వేసిన రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) ఒకటి ఆఫీసులో పెట్టుకుని, ప్యాకెట్‌ను దాని నుంచే పంపినా ఇదే పని జరుగుతుంది. లోపల మెలకువగా ఒకటి ఉండాలి, అంతే. ఏ దారిలో వెళ్లినా ఇంటికి వెళ్లే ముందు ఒక పరీక్ష చేయండి: కంప్యూటర్ ఆపి, మెయిన్ స్విచ్ తీసేసి, యూపీఎస్ కూడా ఆపి, కొన్ని నిమిషాల తర్వాత అన్నీ వేసి, అప్పుడు ఫోన్ నుంచి లేపి చూడండి. షట్‌డౌన్ చేసిన వెంటనే లేచిందని మాత్రం నమ్మకండి.