గ్రాండ్ కేన్యన్ రేంజర్లు: మా అల్లుడిని నడిపించుకుంటూ పైకి తెచ్చినవాళ్ళు

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఎవరి వైద్యసేవనైనా బాగుందని అంత తేలిగ్గా అనను. అమెరికాలో గ్రాండ్ కేన్యన్ నేషనల్ పార్క్‌లో, లోయలోకి దిగే బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ అనే కాలిబాట మీద పనిచేసే రేంజర్ల (పార్కు సిబ్బంది) సేవ బాగుంది. చాలా బాగుంది. వేసవి సెలవుల్లో అమ్మానాన్నలను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళే మనవాళ్ళు ఎందరో ఉన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2023 జూన్ చివరి వారం. మా అమ్మాయి, అల్లుడు ఫీనిక్స్‌లో ఉంటారు. ముగ్గురం కారులో లోయ దక్షిణపు అంచు సౌత్ రిమ్‌కి వెళ్ళాం. అప్పుడు కారుకి 35 డాలర్ల టికెట్, ఏడు రోజులు చెల్లేది. మాకు ట్రిప్ ప్లాన్ రాసిచ్చిన ఏజెన్సీ ఒకటుంది, పేరు అనవసరం. వాళ్ళ కాగితంలో "ఉదయం హవసుపాయ్ గార్డెన్స్ దాకా దిగి, లంచ్ టైమ్‌కి పైకి" అని ఒక్క వాక్యం ఉంది. అది జూన్‌లో రాయకూడని వాక్యం. గార్డెన్స్ అంటే ఆ దారిలో లోయ లోపల ఉన్న మజిలీ, పైనుంచి నాలుగున్నర మైళ్ళు. దిగడానికి పట్టినదానికి రెట్టింపు సమయం ఎక్కడానికి పడుతుంది. పైన చల్లగా ఉన్నా లోపలికి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. మామూలు కొండయితే అలసట ముందే వస్తుంది, దిగేటప్పుడు హాయి. ఇక్కడ తిరగేసి ఉంటుంది. కాళ్ళలో బలం ఉన్నప్పుడు దిగుతాం, బలం అయిపోయాక, సరిగ్గా ఎండ ముదిరాక, ఎక్కాలి.

ఉదయం ఆరున్నరకి ట్రెయిల్ మొదట్లో యూనిఫామ్‌లో ఒకాయన నిలబడి ఉన్నాడు. నవ్వుతూ పలకరించి మూడు ప్రశ్నలు అడిగాడు. ఎంతదాకా వెళ్తున్నారు, నీళ్ళెన్ని ఉన్నాయి, తినడానికి ఉప్పగా ఏం తెచ్చుకున్నారు. మా అల్లుడు నీళ్ళ గురించి మాత్రం చెప్పాడు. ఈ రోజు ఎండ ఎక్కువ, మైలున్నర దగ్గరున్న రెస్ట్‌హౌస్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేయడం మంచిది, పది నుంచి నాలుగు మధ్య ఎక్కే పని పెట్టుకోవద్దు అని ఆయన చెప్పాడు. సరే సరే అంటూ మేం ముందుకు నడిచాం. మర్యాద కోసం అడుగుతున్నాడని అనుకున్నాను. 1996 వేసవిలో ఎండకి పడిపోయినవాళ్ళు, చనిపోయినవాళ్ళు ఎక్కువ కావడంతో, 1997 నుంచి ఇలా ముందే ఆపి అడగడానికి మనుషులను పెట్టారని తర్వాత తెలిసింది. వీళ్ళు ప్రమాదం జరిగాక పరుగెత్తడం కాదు, జరగకుండా చూడడమే పనిగా పెట్టుకున్న బృందం. ఆ మూడు ప్రశ్నలూ మేం ఆగి వినుంటే ఈ రివ్యూ రాసే అవసరమే వచ్చేది కాదు.

నేను, మా అమ్మాయి మూడు మైళ్ళ రెస్ట్‌హౌస్ దగ్గర ఆగిపోయాం. నా మోకాళ్ళకి అదే ఎక్కువ. అల్లుడు ఒక్కడే గార్డెన్స్‌కి దిగాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, జిమ్‌కి వెళ్తాడు. పదిన్నరకల్లా వస్తానన్నవాడు పన్నెండుకి పావు తక్కువలో వచ్చాడు. మొహం పాలిపోయింది, వేళ్ళు ఉబ్బాయి. వస్తూనే గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. "తలనొప్పి అత్తయ్యా" అన్నాడు. నేను వెంటనే వడదెబ్బ అనుకుని నీళ్ళ సీసా మూత తీశాను. మా అమ్మాయి అక్కడున్న ఎమర్జెన్సీ ఫోన్ దగ్గరికి పరుగెత్తింది.

ఫోన్‌లో మాట్లాడుతుండగానే పైనుంచి ఒక రేంజర్ అమ్మాయి వచ్చింది. ట్రెయిల్ మీద తిరుగుతూ ఉన్నదే, రేడియోలో విని దిగింది. పాతికేళ్ళు ఉంటాయేమో. బ్యాగు నేను మోయలేనంత బరువుంది. ఆమె చేసిన మొదటి పని నా చేతిలోని సీసాని మెల్లగా పక్కకి జరపడం. రెండోది, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళావని అడగడం. ఆరేడుసార్లు, నీళ్ళలా తెల్లగా అన్నాడు. పొద్దున్నుంచి ఏం తిన్నావంటే ఒక అరటిపండు. నీళ్ళు ఎన్ని తాగావంటే ఐదు లీటర్ల పైమాటే, గార్డెన్స్‌లో కూడా నింపుకున్నాడు. "తాగుతూనే ఉండాలి" అని ఎవరో చెప్పారట.

అప్పుడు నాకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అతని ఒంట్లో నీళ్ళు తక్కువ కాలేదు, ఉప్పు పలచబడింది. చెమటలో సోడియం పోతోంది, పైనుంచి ఉత్త నీళ్ళు పోస్తున్నాడు. మా వార్డులో మాత్రలు వాడే పెద్దవాళ్ళకి సోడియం పడిపోయి మతి తప్పడం ఎన్నోసార్లు చూశాను. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి, ఎండలో, నీళ్ళు ఎక్కువై వస్తుందన్న ఆలోచనే నాకు రాలేదు. వడదెబ్బకీ దీనికీ పైకి కనబడే లక్షణాలు ఒకేలా ఉంటాయి. నీరసం, వాంతి, తలనొప్పి. నేను ఆ సీసా తాగించి ఉంటే మెదడు వాచి ఫిట్స్ దాకా వెళ్ళేదేమో. ఆ అమ్మాయికి గ్రాండ్ కేన్యన్‌లో ఇది రోజూ ఎదురయ్యే వ్యవహారమట, అందుకే ముందు మూత్రం గురించి అడిగింది.

నాడి, బీపీ చూసింది. ఈ రోజు ఏ వారం, ఈవిడ నీకేమవుతుంది, ఎక్కడున్నావ్ అని అడిగింది. జవాబులు ఆలస్యంగా వచ్చినా సరిగ్గా వచ్చాయి. అతన్ని నీడలో పడుకోబెట్టి చొక్కా తడిపింది. ఉప్పు బిస్కెట్లు కొంచెం కొంచెంగా కొరకమంది, నీళ్ళు వద్దంది. నా సంచిలో పులిహోర ఉంది, ఉప్పు వేసిందే అని చూపిస్తే, వాంతి తగ్గాక రెండు ముద్దలు పెట్టనిచ్చింది. పావుగంటకోసారి అవే ప్రశ్నలు మళ్ళీ అడిగి, టైముతో సహా చిన్న పుస్తకంలో రాసుకుంది. ఆ రాసుకోవడం చూశాక నాకు ధైర్యం వచ్చింది. డ్యూటీ మారినప్పుడు కేసు అప్పజెప్పగలిగేది రాసుకున్నవాళ్ళే.

మా అమ్మాయి ఏడుస్తూ హెలికాప్టర్ పిలవండి అంది. రేంజర్ విసుక్కోలేదు. మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా ఆ నిమిషమే పిలుస్తానని చెప్పింది. వేడెక్కిన గాలి పలచగా ఉంటుంది, అందులో హెలికాప్టర్‌కి లేచే శక్తి తగ్గుతుంది, లోయలో దిగడం నడిపేవాళ్ళకీ ప్రమాదమే అని వివరించింది. "ఇతను నడవగలడు. కానీ ఇప్పుడు కాదు. ఎండ దిగేదాకా ఇక్కడే కూర్చుందాం, నేనూ ఉంటాను" అంది. ఆ చివరి మాట నాకు మందులా పనిచేసింది.

అలా ఐదు గంటలు కూర్చున్నాం. ఆ ఐదు గంటలూ ఆమె భుజం మీది రేడియో ఆగలేదు. మా అమ్మాయి నాకు తెలుగులో చెబుతూ ఉంది. షటిల్ బస్సు స్టాప్‌లో ఎనిమిదేళ్ళ పిల్ల తప్పిపోయింది, ఇరవై నిమిషాలకి ఇంకో స్టాప్‌లో దొరికింది. పైన ఒక పిల్లాడిని ఉడత కరిచింది. అక్కడి ఉడతలు పెద్దవి, తిండి పెట్టడం అలవాటు చేశాక చేతులు కొరుకుతాయి, అందుకే పెట్టకూడదని నియమం. ఫొటో కోసం రెయిలింగ్ దాటిన ఇద్దరిని వెనక్కి రప్పించారు. రోడ్డు మీద ఎల్క్ అనే పెద్ద జింక నిలబడి కార్లు ఆగిపోయాయి. మాకంటే దిగువన ఒకావిడ చీలమండ మెలికపడితే గార్డెన్స్ స్టేషన్ నుంచి ఇంకో రేంజర్ బయల్దేరాడు. రెండు గంటలప్పుడు నది దగ్గర తెప్పలో వెళ్తున్నవాళ్ళలో ఒకరికి భుజం జారింది, హెలికాప్టర్ అటు వెళ్ళింది. దాని చప్పుడు మాక్కూడా వినిపించింది. మాకోసం పిలిచి ఉంటే అతనికి ఎంత ఆలస్యమయ్యేదో అనుకున్నాను.

ఏడాదికి నలభై లక్షల మందికి పైగా వచ్చే చోటు అది. నడుముకి తుపాకీ కట్టుకుని పోలీసు పని చేసే రేంజర్లలోనూ చాలామందికి అత్యవసర వైద్యంలో శిక్షణ ఉంటుంది. తాళ్ళతో కొండ అంచు నుంచి దిగేవాళ్ళూ, హెలికాప్టర్ కింద తాడుకి వేలాడుతూ వెళ్ళి మనిషిని తెచ్చేవాళ్ళూ వాళ్ళలోనే ఉంటారు. పెద్దాసుపత్రి కావాలంటే ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్ళాలి, రోడ్డు మీద దాదాపు ఎనభై మైళ్ళు. మా ఆసుపత్రిలో క్యాజువాలిటీ ఒక గదిలో ఉండేది. వీళ్ళ క్యాజువాలిటీకి గోడలు లేవు, రోగి ఎక్కడుంటే అక్కడికి నడిచి వెళ్ళాలి.

ఈ మధ్యలోనే దారిన పోయే ప్రతివాళ్ళనీ ఆమె ఆపి అడుగుతూనే ఉంది. ఎంత దూరం, నీళ్ళెన్ని, ఏం తిన్నారు. ఒంటిగంటప్పుడు చెప్పులతో దిగుతున్న నలుగురు కుర్రాళ్ళు ఆమె మాట విని వెనక్కి తిరిగారు. మా అల్లుడిని చూపించి బెదిరించలేదు. అతని పరువు అలా కాపాడినందుకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

ఐదింటికి దారి మీద నీడ పడింది. అప్పటికి అతనికి తలనొప్పి తగ్గింది, మాట మామూలుగా వస్తోంది. ఆమె అతని వెనకే నడిచింది. మాట్లాడుతూ నడవగలిగే వేగమే వేగం, రొప్పు వస్తే ఆగాలి అంది. పదిహేను నిమిషాలు నడక, ఐదు నిమిషాలు కూర్చోవడం, రెండు బిస్కెట్లు, గుక్కెడు నీళ్ళు. నన్ను కూడా రోగిలాగే చూసింది. నా వేళ్ళు నొక్కి చూసి, నా చేత కూడా ఉప్పగా తినిపించింది. ఎనిమిది దాటాక చీకటి పడింది. తన హెడ్‌ల్యాంప్ అల్లుడికి పెట్టి, ఇంకోటి బ్యాగులోంచి తీసి తను పెట్టుకుంది. కొండలో తొలిచిన పై సొరంగం కనబడగానే "ఇక కొంచెమే" అంది. తొమ్మిదింటికి పైకి చేరాం. మూడు మైళ్ళకి నాలుగు గంటలు.

పైన ఇంకో రేంజర్ వాహనంతో నిలబడి ఉన్నాడు. పుస్తకంలో రాసినదంతా ఆమె అతనికి వరసగా చదివి అప్పజెప్పింది. డబ్బెంత కట్టాలని అడిగాను. వెతకడానికీ కాపాడడానికీ ఇక్కడ బిల్లు వెయ్యరు అన్నారు. ఒకటి గుర్తుపెట్టుకోండి, ప్రైవేట్ ఎయిర్ అంబులెన్స్, ఆసుపత్రి ఖర్చులు వేరే, అవి మన ఇన్సూరెన్స్ మీదే పడతాయి. విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులకి ఇన్సూరెన్స్ తీసుకోకుండా ఇలాంటి చోట్లకి తీసుకురావద్దు. ఆ రాత్రే రక్తపరీక్ష చేయించాం. సోడియం 131 వచ్చింది. 135 పైన ఉండాలి. ఐదు గంటలు ఉప్పు తిని, నీళ్ళు తగ్గించాక వచ్చిన అంకె అది. మధ్యాహ్నం ఎంత ఉందో తల్చుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

రేటింగ్ అంటే ఐదుకి ఐదు. కానీ నా అభిప్రాయంలో ఎక్కువ మార్కులు రెస్క్యూకి కాదు, ఉదయం ట్రెయిల్ మొదట్లో నిలబడ్డాయన ప్రశ్నలకి. మీరు వెళ్తే ఆ మనిషి దగ్గర ఆగండి. ఇంగ్లీషు పూర్తిగా రాకపోయినా పర్వాలేదు, సంచి తెరిచి చూపించండి, వాళ్ళు చూసి చెబుతారు. జంతికలు, కారప్పూస, వేయించిన పల్లీలు, ఉప్పగా ఉన్నదేదైనా తీసుకెళ్ళండి, నీళ్ళతో పాటు అదీ తింటూ ఉండండి. జూన్, జూలైల్లో పెద్దవాళ్ళతో అయితే మైలున్నర కూడా ఎక్కువే.

మర్నాడు ఉదయం ఆ అమ్మాయికి థాంక్స్ చెబుదామని మళ్ళీ వెళ్ళాను. ఆమెకి సెలవట. ఆమె చోట ఇంకో కుర్రాడు నిలబడి, ఇద్దరు పిల్లలతో వచ్చిన ఒకాయనని అవే ప్రశ్నలు అడుగుతున్నాడు. ఆయన చేతిలో ఒక్క చిన్న సీసా ఉంది. ఆయన ఆగాడు. రేంజర్ పిల్లల ఎత్తుకి వంగి, ఏం తిన్నారని అడిగి, నలుగురూ కలిసి కుళాయి వైపు నడిచారు.