అమ్మతోని పాతబస్తీ సగం పూట టూర్

మిర్యాలగూడ నుంచి తెల్లారకముందే బస్సెక్కి అమ్మను పట్నం తోల్కపోయిన. గైడు వెంట ఉండి పాతబస్తీ చూపిచ్చే టూర్ అది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అదే నా భయం.

గైడు పిల్లగాడు బంగారం. 1591ల కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టిచ్చిండని చెప్పి ఊకోలే. కమాను కింద నిలబెట్టి గోడల మీది గచ్చు పువ్వుల పని వేలుతోని చూపిచ్చిండు. నాలుగు దిక్కుల గడియారాలు 1889ల పెట్టినయంట, నాకు అదే కొత్త ముచ్చట. మెట్లు ఇరుకు, చుట్టలు తిరిగి పోతయి. అమ్మ ఎక్కలేనంటే ఆమెకు నీడల కుర్చీ ఏపిచ్చిండు.

మక్కా మసీదు జల్ది చూసినం. చౌమహల్లా ప్యాలెస్‌ల దర్బారు హాలు షాండ్లియర్ల కింద అమ్మ కదల్లేదు. "వీటిని తుడిచేటోళ్లకు ఎంత పనో బిడ్డా" అన్నది.

ఒక్కటే బాధ. బుక్ చేసేటప్పుడు టికెట్లన్నీ అండ్లనే అన్నరు, ప్యాలెస్ కాడ మళ్ల పైసలు కట్టాల్సొచ్చింది. ముందే గట్టిగ అడుగుండ్రి. శుక్రవారం పోకుండ్రి, ప్యాలెస్ బంద్ ఉంటది.

ఆఖరికి లాడ్ బజార్. గాజులాయన లక్కను నిప్పుల మీద మెత్తగ చేసి, అమ్మ చేతి కొలతకు ఒత్తి, అద్దపు బిళ్లలు ఒక్కొక్కటే అద్దిండు. ఆ గాజులు ఇంకా వెచ్చగ ఉన్నప్పుడే అమ్మ తొడుక్కున్నది.